కొలువులోకి పడవ: మా సింగ్‌నగర్ ఇంటి ప్రాజెక్టు డైరీ

2025 జులై 6, ఆదివారం

గోనెసంచిలో మూటగట్టి అటక మీద పెట్టిన దసరా కొలువు బొమ్మల్ని ఇవాళ కిందికి దించాం. వాటి మొహం చూసి పది నెలలైంది.

పోయినేడు సెప్టెంబర్ 1న విజయవాడలో బుడమేరు వాగు పొంగి నీళ్లు మా వీధిలోకి వచ్చినప్పుడు బొమ్మల ట్రంకుపెట్టె మంచం కింద ఉంది. సర్టిఫికెట్లు, బియ్యం, అమ్మ బీపీ మందులు పట్టుకుని మేడమీది వాళ్లింటికి పరుగెత్తాం. పెట్టె ఎవరికీ గుర్తు రాలేదు. నీళ్లు తీసేసరికి వారం దాటింది. మూత తీస్తే సగం దాకా బురద. అమ్మ ఒక్క మాటా మాట్లాడలేదు. ఒక్కొక్క బొమ్మనే కడిగి, నీడలో ఆరబెట్టి, మూట కట్టేసింది. ఆ దసరాకి మా ఇంట్లో కొలువు లేదు.

ఈసారి పెట్టాలి. సెప్టెంబర్ 22న నవరాత్రులు మొదలు, అంటే చేతిలో 11 వారాలు ఉన్నాయి.

చాప మీద పరిచి చూశాం. తిరుపతి నుంచి తెచ్చిన ఎర్రచందనం రాజూ రాణీ చెక్కుచెదరలేదు. రంగు వేయని బొమ్మలు కదా, పోవడానికేమీ లేదు. కొండపల్లి అంబారీ ఏనుగుకి తొండం ఊడింది, రంగు పెచ్చులు పెచ్చులుగా లేచిపోయింది. చెక్క మాత్రం గట్టిగానే ఉంది. దశావతారాల్లో ఐదు మిగిలాయి. తాటిచెట్టుకి ఆకుల్లేవు, దాన్ని ఎక్కుతున్న మనిషీ లేడు. మట్టితో చేసిన పెళ్లి బొమ్మల సెట్టు కరిగి ఒకే ముద్ద అయిపోయింది.

కొత్తవి కొనుక్కుందామని మా ఆయన అన్నారు. నేనే వద్దన్నాను. బాగయ్యేవి బాగుచేసుకుందాం, లేనివి చేసుకుందాం, మెట్ల మీద పరిచే గుడ్డ కూడా మనమే అచ్చు వేసుకుందాం అన్నాను. పద్దెనిమిదేళ్లుగా జాకెట్లు కుడుతున్నాను. మధ్యలో మగ్గం పని నేర్చుకున్నాను, చీరల మీద పెయింటింగ్ వేశాను. కొత్త పని ఏది చేతికి దొరికినా ఆ రోజు నాకు అన్నం ధ్యాస ఉండదు. చెక్క ఒక్కటే ఇంతవరకూ పట్టుకోలేదు.

కొత్తగా ఏ బొమ్మ చేద్దామంటే అమ్మ అంది: "కొలువులో బావి పెడతాం, ఎడ్లబండి పెడతాం. మన వీధిలోకి వచ్చిన పడవ పెట్టొద్దా?"

పడవ ఖాయమైంది.

జులై 13

పొద్దున్నే పాపను తీసుకుని కొండపల్లి వెళ్లాను. మా ఊరి నుంచి సుమారు 20 కిలోమీటర్లు. ఇన్నేళ్లుగా అక్కడి బొమ్మలు కొన్నాను గానీ, చేసేటప్పుడు పక్కన కూర్చుని చూడటం ఇదే మొదలు. బొమ్మల కాలనీలో ఒక పెద్దాయన, బాబాయ్ గారు అని పిలిచాను, అరుగు మీద కూర్చుని బాడిసతో ఏనుగు పొట్ట చెక్కుతున్నారు. కొలవడం లేదు, గీత గీయడం లేదు. నాలుగు దెబ్బలకి ఆకారం బయటికొచ్చేసింది.

ఆ చెక్క పేరు తెల్లపొణికి. చేతిలోకి తీసుకుంటే ఇంత పెద్ద ముక్కకి ఇంతేనా బరువు అనిపిస్తుంది. గోరుతో నొక్కితే గుర్తు పడేంత మెత్తన. పచ్చి చెక్క పనికిరాదు. సన్నటి సెగ మీద నెమ్మదిగా కాచి, తేమంతా పోయాకే చెక్కుతారు. తేమ ఉండగా చేస్తే తర్వాత ఆరి కుంచించుకుపోయి, అతుకులు నోళ్లు తెరుస్తాయి. చుట్టుపక్కల కొండల్లో దొరికే చెట్టే, కానీ ఇప్పుడు దొరకడం బాగా కష్టమైందట. అందుకే ముక్క అడగడానికి మొహమాటపడ్డాను. పడవ సంగతి చెప్పాక ఆయన లోపలికెళ్లి, కాచి ఉంచిన అడుగు పొడవు ముక్కొకటి తెచ్చి నా చేతిలో పెట్టారు.

"ఒక్క ముక్క కాదు తల్లీ బొమ్మంటే. కాళ్లు వేరు, చేతులు వేరు, తొండం వేరు. మక్కుతో అతుకుతాం" అని మక్కు ఎలా కలపాలో చెప్పారు. ఊడిపోయిన మా ఏనుగును సంచిలోంచి తీసి చూపిస్తే తిప్పి తిప్పి చూసి, చెక్కకేమీ కాలేదు, నువ్వే అతుక్కోవచ్చు అన్నారు. బస్సులో ఇంటికొచ్చేదాకా ఆ ముక్కను ఒళ్లో పెట్టుకునే కూర్చున్నాను.

జులై 17

కసిమి పెట్టాను. మచిలీపట్నం దగ్గరున్న పెడనలో కలంకారీ అచ్చులకి వాడే నలుపు రంగు ఇదే. మా ఆయన ఆటోనగర్ నుంచి తెచ్చిన తుప్పు మేకులు, ఇనప ముక్కలు ఒక కుండలో వేసి, బెల్లం కలిపిన నీళ్లు పోసి, మూతికి గుడ్డ కట్టాను. మూడు వారాలు దాన్ని కదిలించకూడదు.

జులై 20

ఇవాళంతా పడవే.

గుడ్డ కత్తిరించేటప్పుడు కుట్టుకి లోపల కాస్త వదులుతాం. రేపు జాకెట్టు బిగుతైతే ఆ వదిలిందే ఆదుకుంటుంది. చెక్కకీ అదే లెక్క వేసుకున్నాను. కావలసిన గీతకి బయట రెండు నూళ్లు, అంటే పావంగుళం మందం వదిలి, టైలరింగ్ సుద్దతో గీసి, ఉలి పట్టుకున్నాను. మొదటి గంట చేతికేమీ అర్థం కాలేదు. ఒకవైపు నుంచి ఉలి నెడితే వెన్నలా దిగుతోంది, అదే ఎదురు నుంచి నెడితే చెక్క పీచులు పీచులుగా లేస్తోంది. మగ్గం మీద వెల్వెట్ కుట్టినప్పుడు నూగు ఏ వైపుకి వాలిందో వేలితో రాసి చూస్తాం. ఇక్కడా వేలితో రాసి చూస్తే తెలిసిపోయింది. ఆ తర్వాత చెక్క నేను చెప్పినట్టు విన్నది.

బయటి ఆకారం మధ్యాహ్నానికల్లా వచ్చింది. లోపల తవ్వడం దగ్గరే అసలు పని. ముక్కు దగ్గర మందం ఉంచాలి, పక్కలు పలచన చేయాలి. వేలు లోపల పెట్టి, బయట బొటనవేలు ఆనించి నొక్కుతూ, ఎంత మిగిలిందో చూసుకుంటూ పోయాను. గారెల పిండి వేళ్ల మధ్య ఎంత మందంలో ఉందో కంటికంటే చేతికే ముందు తెలిసినట్టు, ఇదీ చేతికే తెలుస్తోంది. ఐదింటికి కరెంటు పోయింది. కిటికీ దగ్గరికి జరిగి చెక్కుతూనే ఉన్నాను. చీకటి పడేవేళకి ఎడమ పక్క గోడ బొటనవేలంత మేర చిట్లింది.

చాలా బాధేసింది. పాప వచ్చి పక్కన కూర్చుని, చిట్లిన ముక్కను వెతికి, పౌడర్ డబ్బా మూతలో దాచిపెట్టింది.

ఆగస్టు 3

మక్కు రోజు. చింతపిక్కలు వేయించి, పొట్టు తీసి, నానబెట్టి, రుబ్బి ఉడికించాం. వేయించేటప్పుడు వచ్చిన వాసనకి అమ్మ వంటింట్లోకి వచ్చి నిలబడింది. చిన్నప్పుడు వేయించిన చింతపిక్కలు బుగ్గన పెట్టుకుని బడికెళ్లేవాళ్లమని చెప్పుకుంటూ రెండు నోట్లో వేసుకుంది. ఉడికిన జిగురులో రంపపు పొట్టు కలిపితే అదే మక్కు. చపాతీ పిండి కంటే కొంచెం జారుగా ఉండాలి. మొదటిసారి పొట్టు ఎక్కువైంది, ఆరాక పొడిపొడిగా రాలిపోయింది. రెండోసారి కుదిరింది.

ముందు ఏనుగు తొండం. పాత అతుకును గీకి శుభ్రం చేసి, రెండు వైపులా జిగురు రాసి, మక్కు నింపి, తడి వేలితో నున్నగా లాగాను. పట్టుకోవడానికి దారం చుట్టాను. ఆ తర్వాత పడవ. పాప దాచిన ముక్కను దాని చోట్లో పెట్టి లోపలి నుంచి మక్కు పూశాను. పొద్దుటికల్లా రాయిలా గట్టిపడింది. ఆకురాయి పెట్టి రుద్ది, శాండ్‌పేపర్‌తో నున్న చేశాక చిట్లిన చోటు ఎక్కడో నాకే వెంటనే దొరకలేదు.

ఆగస్టు 10

గుడ్డ అచ్చు మొదటిసారి వేశాను. చెడిపోయింది. ఎందుకు చెడిందో రాసి పెట్టుకుంటున్నాను.

కొత్త గాడా (ముతక నూలు) గుడ్డను గంజి పోయేదాకా ఉతికి, కరక్కాయ పొడి, పాలు కలిపిన నీళ్లలో ముంచి, పిండి, ఎండబెట్టాలి. కరక్కాయ వగరు గుడ్డకి పట్టుకుంటుంది. పాలలోని కొవ్వు రంగును అక్కడే ఆపుతుంది, గీత దాటి పాకనివ్వదు. ఇంట్లో ఉన్నదే కదా అని నేను వెన్న తీసిన ప్యాకెట్ పాలు పోశాను. అచ్చు వేయగానే గీతల చుట్టూ నలుపు పాకిపోయింది. తీగ తీగలా లేదు, తడి కాగితం మీద సిరా ఒలికినట్టుంది. కలంకారీకి గేదె పాలే ఎందుకు పోస్తారో ఇప్పుడు తెలిసింది.

మూడు మీటర్ల గుడ్డ పోయింది. దాన్ని పారేయను, దిండు గలీబుల లోపలి వైపుకి పనికొస్తుంది.

ఆగస్టు 17

వారమంతా వాన. ఏదీ ఆరలేదు.

ఆగస్టు 24

ఇవాళ కుదిరింది! దీని గురించి తీరిగ్గా రాస్తాను.

పాలాయన దగ్గర చిక్కటి గేదె పాలు పోయించుకున్నాం. గుడ్డ రెండు రోజులు ఎండకి ఆరి లేత గోధుమ రంగుకి తిరిగింది. బల్ల మీద గోనెలు నాలుగు మడతలు, వాటి మీద పాత దుప్పటి పరిచాం. కింద మెత్తగా ఉంటేనే అచ్చు అంతటా సమంగా దిగుతుంది. కసిమిని గుడ్డలో వడగట్టి, తుమ్మ జిగురు కలిపాం. పుల్లటి, ఇనప వాసన. చూడటానికి రంగే లేదు, పలచటి టీ డికాషన్‌లా ఉంది. దీంతో నలుపు వస్తుందంటే పాప నమ్మలేదు.

నా చుట్టాలావిడ పెడన నుంచి తెచ్చి ఇచ్చిన పాత టేకు అచ్చు మా దగ్గరుంది. తీగ డిజైను, ఒక మూల విరిగింది. అచ్చును కసిమి తట్టలో ఒత్తి, సుద్దగీత మీద నిలబెట్టి, పైన పిడికిలితో ఒక్క గుద్దు గుద్దాను. తీశాను. గుడ్డ మీద మసక బూడిద రంగు కనిపించింది. మేం చూస్తూ ఉండగానే అది ముదిరింది. బూడిద రంగు పోయి, కాటుక నలుపు వచ్చేసింది. ఒక్కొక్క ఆకూ, ఆకులోని సన్నటి ఈనె కూడా విడివిడిగా కనిపిస్తున్నాయి.

పాప నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయింది. "అమ్మా, ఎవరో లోపలి నుంచి రాస్తున్నట్టుంది" అంది.

ఇనప కత్తిపీట మీద అరటికాయ తరిగితే చేతులు నల్లబడతాయి కదా, అదే ఇదీ అని చెప్పాను. అరటికాయ వగరు ఇనుముతో కలిసి నల్లబడుతుంది. ఇక్కడ కరక్కాయ వగరు గుడ్డలో కూర్చుని ఉంది. బెల్లం పులిసి ఇనుమును కరిగించింది. రెండూ గుడ్డ మీద కలుసుకున్నాయి. ఇన్నేళ్లూ నిమ్మకాయ పెట్టి రుద్ది వదిలించుకున్న మరకే ఇది. ఇంత అందమైన పని చేస్తుందని నాకు తట్టనే లేదు.

అచ్చు పక్కన అచ్చు పడాలి, తీగ తెగినట్టు కనిపించకూడదు. జాకెట్టు చేతికి బోర్డరు కలపడం అలవాటు కాబట్టి అది నాకు కష్టం కాలేదు. విరిగిన మూల దగ్గర ఖాళీ వస్తోంది. అక్కడేం చేద్దామా అని చూస్తుంటే పాప ఫ్రిజ్‌లోంచి బెండకాయ తెచ్చి అడ్డంగా కోసి, కసిమిలో ముంచి అద్దింది. ఐదు రేకుల పువ్వు పడింది. ఇక ఖాళీ వచ్చిన ప్రతి చోటా బెండపువ్వే. ఐదు మెట్లకి సరిపడా 4 మీటర్లు సాయంత్రం ఏడింటికి పూర్తయ్యాయి. భుజం ఎత్తలేకపోతున్నాను, అయినా ఇంకో మీటరు ఉంటే బాగుండు అనిపించింది.

ఎరుపు ఈసారి వేయడం లేదు. పటిక అద్ది, మంజిష్ఠ వేసి ఉడికించాలి. ఉడికించే ముందు, అదనంగా ఉన్న పటికంతా పారే నీళ్లలో పోవాలి. పెడన వాళ్లకి కాలువ ఉంది. మా కుళాయికి రోజుకి గంటసేపే నీళ్లు. ఆ పని పెడనలోనే చేయాలి, ఎప్పుడైనా వెళ్లి అక్కడే కూర్చుని నేర్చుకుంటాను.

ఆగస్టు 31

27న వినాయక చవితి. ఇంట్లోనే మట్టి వినాయకుణ్ణి చేశాం. మిగిలిన బంకమట్టితో పడవలోకి మనుషుల్ని మొదలుపెట్టాను.

చెక్కకి ఎంత తీశామన్నదే లెక్క, తీసింది తిరిగి రాదు. గుడ్డ మీద అచ్చు ఒకసారి పడితే పడినట్టే. మట్టి అలా కాదు. ముక్కు నచ్చకపోతే నొక్కేసి మళ్లీ చేసుకోవచ్చు. రెండు నెలల్లో చేతులు ఇంత వదులుగా ఆడింది ఇవాళే. అమ్మ కూడా వచ్చి కూర్చుంది. నడ్డి వంగిన మామ్మ, ఒళ్లో స్టీలు డబ్బా. పసివాణ్ణి భుజాన వేసుకున్న తల్లి. పాల ప్యాకెట్లు అందిస్తున్న కుర్రాడు. ఈ కుర్రాడు వరద మూడో రోజు మా మేడ దగ్గరికి పడవలో వచ్చిన పిల్లవాడే. పేరు అడగలేదు అప్పుడు. అతని లుంగీ ఎలా ఎగ్గట్టి ఉందో అమ్మకి బాగా గుర్తుంది, అలాగే చేసింది. వీధి కుక్క కూడా ఉండాలని పాప పట్టుబట్టింది. అది మా సందు చివరి కుక్క, పడవలోనే వెళ్లింది.

ఫ్యాను కింద ఆరబెట్టిన రెండు బొమ్మలు మెడ దగ్గర పగిలాయి. పైన తొందరగా ఆరి, లోపల తడి ఉండిపోవడం వల్ల. మళ్లీ చేసేటప్పుడు మట్టిలో దూది పీచు పిసికి కలిపాం, తడిగుడ్డ కప్పి మూల పెట్టాం. అవి నిలబడ్డాయి.

సెప్టెంబర్ 7

మా ఆయన ఇవాళ చేయి వేశారు. ఆటోనగర్‌లో ఇనప షాఫ్టులు తిప్పే చెయ్యి అది. చెక్క తిప్పడం తన పని కాదంటూ వచ్చారు. ఏటికొప్పాకలో లక్కపిడతలు లేత్ మీదే చేస్తారని, అంకుడు కర్ర తిరుగుతుండగా లక్క కడ్డీ ఆనిస్తే ఆ రాపిడి వేడికే కరిగి అంటుకుంటుందని, మొగలి ఆకుతో మెరుగు పెడతారని చెప్పాను. అంతే, మూడు రోజులు నాతో ఇంకో మాట లేదు. షెడ్డు మూసేశాక ఓనరుని అడిగి ఒక గంట మిషను వాడుకుని, రెండంగుళాల పాల క్యాను, ఒక తెడ్డు చేసుకొచ్చారు. లక్క ఎక్కడో ఎక్కువ పట్టింది, ఎక్కడో పట్టలేదు. కానీ క్యాను మూత ఊడి వస్తుంది, మళ్లీ పడుతుంది! ఆ మూత తీసి పెట్టడం ఆయన రాత్రి పది దాకా ఆపలేదు.

సెప్టెంబర్ 14

రంగులు. ముందు అన్నిటికీ తెల్ల సున్నం పూత, దాని మీద రంగు. ఏనుగుకి పాతకాలంలాగే నీళ్ల రంగులు కావాలని అమ్మ అంది, ఆ మెత్తటి రంగు ఎనామిల్‌కి రాదు. నాకూ అదే ఇష్టం. పడవకి మాత్రం ఎనామిల్ వేశాం. నీళ్లు తగిలినా రంగు పోకూడదని పాప కోరిక.

ఏనుగు వీపు మీద కప్పిన జూలు గుడ్డ మీద పాత బొమ్మలో ఉన్న పూల వరస అస్సలు కనిపించడం లేదు. గుర్తున్నంత వరకూ వేసి, గుర్తులేని చోట బెండపువ్వు వేశాను. కళ్లు చివర్లో వేయాలి. సన్న కుంచె పట్టుకుని ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. రెండు చుక్కలు పెట్టగానే అది నా వైపు చూసింది. పక్క గదిలో ఉన్న అమ్మని కేకేశాను. అమ్మ వచ్చి, ఏనుగును చేతిలోకి తీసుకుని, దాని తొండాన్ని చీరకొంగుతో తుడిచింది. తుడవడానికి అక్కడ దుమ్మేమీ లేదు.

సెప్టెంబర్ 21

మెట్లు కట్టాం. ఐదు. కింద ట్రంకుపెట్టె, అదే పెట్టె, దాని మీద బల్లలు, ఇటుకలు, పైన మా గుడ్డ. పై మెట్టు మీద కలశం, రాజూ రాణీ. తర్వాత ఐదు అవతారాలు, మిగతా ఐదింటికి చోటు వదిలి, అక్కడ పసుపు రాసిన తమలపాకు పెట్టింది అమ్మ. మూడో మెట్టు మీద ఏనుగు. నాలుగో దాని మీద అమ్మమ్మల నాటి ఇత్తడి గిన్నెలు. పడవ ఏ మెట్టు మీద అన్నదానికి గంటసేపు మాటలయ్యాయి. చివరికి అన్నిటికంటే కింద, నేల మీద, గుడ్డ అంచు తీగ నీళ్లలా పారుతున్నట్టు పరిచి దాని మీద నిలబెట్టాం.

సెప్టెంబర్ 22

పేరంటానికి వీధిలోవాళ్లు ఇరవై మంది దాకా వచ్చారు. శనగలు అయిపోతే మళ్లీ నానబెట్టినవి తాలింపు వేశాను. పక్కింటి పిన్నిగారు బొట్టు పెట్టించుకుని, పడవ ముందు అలాగే కింద కూర్చున్నారు. మామ్మ ఒళ్లో ఉన్న స్టీలు డబ్బా చూసి, "ఇది నా డబ్బానే" అన్నారు. అవునన్నాను. మందుల డబ్బా. ఆ రోజు ఆవిడ దాన్ని ఒళ్లోంచి దించలేదు. పిల్లలు పాల క్యాను మూత తీసి పెడుతూ ఉన్నారు, మా ఆయన గుమ్మంలోంచి చూస్తున్నారు.

రాత్రి కొండపల్లి బాబాయ్ గారికి ఫోటోలు పంపాను. ఫోన్ చేసి, ఏనుగు తొండం అతుకు కనిపించడం లేదని అన్నారు. తాటిచెట్టుకి సరిపడా చెక్క కాచి పక్కన పెడతానన్నారు. దీపావళి అయ్యాక వెళ్లి తెచ్చుకోవాలి. ఆకులకి ఏం వాడాలో ఆయన్నే అడుగుతాను.